పాత వాల్వు రేడియోలు - కరెంటు రాకపోకలు

కరెంటు పోయినందువలన పాత రేడియో చెడదు. అది మరల వచ్చినందువలన చెడును. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి ఈ మాట మొదట వింతగా తోచవచ్చును. వేసవి సాయంకాలమున దుర్గము కొండమీదుగా గాలి లేచి నాలుగు చినుకులు పడినంతనే దీపము లారిపోవుటయు, రెండు నిమిషములకో రెండు క్షణములకో మరల వెలుగుటయు మన మెరిగినదే. వెలుగు రాగానే పిల్లలు సంతోషముతో కేక వేయుదురు. మేము మాత్రము ఆ క్షణమున రేడియో పెట్టెవైపు చూతుము.

మాయొద్ద నున్నది ఆర్‌సీఏ వారి ఏఆర్ 88 అను రిసీవరు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో తయారై మిత్రరాజ్యములకు పనిచేసిన జాతి యిది. పదునాలుగు వాల్వులు, బరువు ఇంచుమించు 45 కిలోలు. ఇద్దరు పట్టనిదే బల్ల యెక్కదు. ఆత్మకూరులో ఒక పెద్దాయన దీనిని చాల కాలము క్రిందట మదరాసు మూరు మార్కెటులో కొని, బస్సుమీద వేయించుకొని తెచ్చినారట. ఆ మార్కెటు 1985లో అగ్నికి ఆహుతియైనది. ఆయన గతించిన పిదప కుమార్తె ఈ పెట్టెను మాకు అప్పగించుచు, "నాయన చేతిలో నలిగిన పెట్టె అన్నా ఇది. పలక్కపోయినా పరవాలేదు, కాలిపోకుండా చూసుకోండి" అని చెప్పినది. పలికించుట అంత కష్టము కాలేదు. ఆమె అడిగిన రెండవదియే కష్టమైన పని. వాల్వులు నేటికిని పాత నిలువలలో దొరకును. లోపలి ట్రాన్స్‌ఫార్మరు కాలెనా, దానికి మారు దొరకుట దుర్లభము. నెల్లూరులో మోటార్లకు తీగ చుట్టువారు గట్టి పనివారే గాని, ఇట్టి పాత పెట్టెలలోని ట్రాన్స్‌ఫార్మరులు పెక్కు తారు పోసి డబ్బాలో బిగించినవి. వాని లెక్కలు వేరు, తీగ సన్నదనము వేరు.

చిన్న తరగతుల పిల్లలకొరకు ఒక మాట. లాభాపేక్ష లేక, పరీక్ష యిచ్చి ప్రభుత్వ అనుమతి పొంది, తమ సొంత రేడియోతో దూరదేశములవారితో మాటలాడువారిని హాములందురు. మన దేశమున ఈ విద్యకు ఆద్యులు కలకత్తాకు చెందిన అమరేంద్రచంద్ర గుప్తుగారు, 1921లో మొదలుపెట్టిరి. మన జిల్లా మదరాసు రాజధానిలో నుండిన 1924లో, జూలై 31వ తేదీన, మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బువారు ప్రసారము లారంభించిరి. అదియు ఔత్సాహికుల పనియే. 1939లో యుద్ధము రాగానే హాములు తమ ప్రసారయంత్రములను పోలీసులకు అప్పగింపవలసి వచ్చెను. యుద్ధానంతరము సైన్యము వదలిన పెట్టెలు అంగళ్లకు రాగా, ఆ తరము హాములకు అవియే పెట్టుబడి యయ్యెను.

ఇంతకును కరెంటు వచ్చునప్పుడు జరుగున దేమి? వాల్వులోని హీటరు తీగ చల్లగా నున్నప్పుడు దాని నిరోధము మిక్కిలి తక్కువ. 6.3 వోల్టులకు 0.3 ఆంపియరు తీసికొను సామాన్యపు వాల్వునకు వేడిలో 21 ఓముల నిరోధ ముండును. చల్లగా నున్నప్పుడు అది సుమారు మూడు ఓములు. అనగా మొదటి క్షణమున రెండాంపియర్లవరకు లాగజూచును. హీటరు గల వాల్వులన్నియు ఒక్కసారి అట్లు చేయును. ఇది మొదటి దెబ్బ, కాని చిన్నది. పెద్ద దెబ్బ ట్రాన్స్‌ఫార్మరుది. దాని ఇనుములో వెనుకటి అయస్కాంతత్వ మించుక మిగిలియుండును. కరెంటు తరంగము సున్నయొద్ద నుండగా స్విచ్చి పడినచో ఆ యినుము నిండిపోయి, ట్రాన్స్‌ఫార్మరు కొన్ని క్షణభాగములపాటు వట్టి తీగచుట్ట యగును. 230 వోల్టుల తరంగశిఖరము 325 వోల్టులు. చుట్ట నిరోధము పది ఓములైనచో ముప్పది ఆంపియర్ల దరిదాపునకు పోవచ్చును. ఆ పెట్టె నిలుకడగా తినునది అర ఆంపియరు! తరంగశిఖరమునొద్ద స్విచ్చి పడినచో ఏమియు కాదు. నిన్న నిలిచిన ఫ్యూజు నేడేల పోయెనని కొందరు ఆశ్చర్యపడుదురు. దాని రహస్య మిదియే. ఫ్యూజు పోయినదని లావు తీగ వేయువారు ఫ్యూజునకు మారుగా ట్రాన్స్‌ఫార్మరును కాల్చుకొందురు.

ఇక మూడవది హై టెన్షను. 5వై3 అను రెక్టిఫయరు వాల్వు రెండు మూడు క్షణములలో వేడెక్కును. దాని నుపయోగించుకొనవలసిన తక్కిన వాల్వులకు పది క్షణములపైన పట్టును. ఆ నడిమికాలమున భోక్తలు లేని విందువలె వోల్టేజి పెరిగిపోయి కండెన్సరులమీద పడును. వాల్వు తీసివేసి సిలికాను డయోడులు పెట్టుమని సలహా ఇచ్చువారు కలరు. మేము దానికి ఇష్టపడము. డయోడు ఆ రెండు క్షణములైన ఆగదు, వోల్టేజియు ఇంకను హెచ్చుగా నిచ్చును.

దీనికి అందరు చెప్పు చవుకయైన మందు థర్మిస్టరు. పావలా బిళ్లంత యుండును. చల్లగా నున్నప్పుడు యాబది ఓములు అడ్డుపడి, తన వేడికి తానే మెత్తబడి ఒకటి రెండు ఓములకు దిగును. కరెంటు నిలుకడగా నుండు ఊళ్లలో ఇది చాల మంచిది. మన ఊళ్లలో మాత్రము దీనికొక లోపము కలదు. అది మరల చల్లబడుటకు ఒక నిమిషమో అంతకు మించియో పట్టును. మన కరెంటు పోయి రెండు క్షణములకే వచ్చును! అప్పటికి కావలివాడు ఇంకను నిద్ర లేవలేదు, తలుపు తెరచియే యున్నది. ఒక మిత్రుని పెట్టెలో ఇట్లే జరిగినది. థర్మిస్టరు చెక్కుచెదరలేదు, ఫ్యూజు నల్లబడినది.

మాకు పనికివచ్చిన ఉపాయము రైతు బావియొద్ద దొరకినది. బోరు మోటారునకు పెట్టు స్టార్టరును చూడుడు. పచ్చ బొత్తాము నొక్కినచో లోపలి కాయిలు పట్టుకొనును. కరెంటు పోయినచో వదలివేయును. మరల కరెంటు వచ్చినను, మనిషి వచ్చి పచ్చ బొత్తాము నొక్కువరకు మోటారు కదలదు. చేనికి నడచిపోలేక ఆటో స్టార్టరులు తగిలించుకొనువారును కలరు. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నియు ఒక్క క్షణమున లేచును. ట్రాన్స్‌ఫార్మరులు కాలుటకు అదియు నొక హేతువు. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చునప్పుడు, ఆటో స్టార్టరులను తీసివేయుడని రైతులను కోరవలసి వచ్చెను. ఊరికి వర్తించునదే పెట్టెకును వర్తించును.

కావున మేము రిసీవరునకు ముందు ఒక చిన్న డబ్బా కట్టితిమి. అందులో పచ్చ బొత్తాము, ఎఱ్ఱ బొత్తాము, తన్ను తానే పట్టుకొని నిలుచు 230 వోల్టుల రిలే ఒకటి. కరెంటు రెప్పపాటు పోయినను అది వదలును. వచ్చినది లోపలికి పోదు. పచ్చ బొత్తాము నొక్కినప్పుడు కరెంటు మొదట నూరు ఓముల తీగచుట్టు నిరోధము గుండ పోవును. శిఖరమున 325 వోల్టులైనను అప్పుడు మూడుంబావు ఆంపియర్లకు మించదు. మూడు క్షణముల తరువాత రెండవ రిలే ఆ నిరోధమును ప్రక్కకు తప్పించును. నిరోధము ఇరువది వాట్లది కావలెను. రెండవ రిలే ఎన్నడైన మొరాయించినచో అది కాలకుండునంత బలముగా నుండుట మేలు, దానికి వెనుక ఒక ఫ్యూజు నుండుట ఇంకను మేలు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును ముట్టడించి 1514లో గాని సాధింపలేదు. మేము పెట్టెలో ప్రవేశించుటకు కోరునది మూడు క్షణములే.

ప్రసారయంత్రములకు ఇది చాలదు. 866ఏ అను పాదరసపు రెక్టిఫయరుల ఫిలమెంటు ముప్పది క్షణములు వేడెక్కిన పిమ్మటనే ప్లేటు వోల్టేజి ఈయవలెను. లేనిచో లోపల మెఱుపు తిరుగబడును. ఆ పెద్దాయన పలకమీద "ఫిలమెంటు, ముప్పై లెక్క, ప్లేటు" అని సుద్దతో వ్రాసియుంచిరి. మేము తుడువలేదు.

వోల్టేజి హెచ్చుటయు మెల్లగా చంపు శత్రువే. అర్ధరాత్రి మోటార్లు నిలిచినప్పుడు మా గోడ ప్లగ్గులో 250 వోల్టులు చూచితిమి. ట్రాన్స్‌ఫార్మరును 220 మెట్టుమీద నుంచినచో అప్పుడు 6.3కు బదులు హీటరునకు 7.16 వోల్టులు పోవును. 240 మెట్టుమీద నుంచినచో 6.56. స్క్రూ ఒకటి విప్పి మార్చినంత పని. ఇంత సులువైన దానిని ఏల చేయరో తెలియదు.

విద్యార్థులు తమ తాతలనాటి రేడియో అటకమీద దొరకినదని నేరుగా ప్లగ్గు పెట్టరాదు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులు ఏండ్లు పనిలేక యున్నచో లోపలి పొర క్షీణించి కరెంటును కార్చును, వేడెక్కి పగులును. వానిని మార్చుటయే ఉత్తమము. పరీక్షకు నూరు వాట్ల పాతరకము దీపము నొకదానిని వరుసలో కలుపుదురు. పెట్టె బాగుగ నున్నచో దీపము ఒక్కసారి వెలిగి మందగించును. లోపల షార్టు ఉన్నచో నిండుగా వెలుగుచునే యుండును, అంతకుమించి హాని జరుగదు. ఇది పెద్దవారి యెదుట చేయవలసిన పని. ప్లగ్గు తీసిన పిమ్మటను కండెన్సరులో వందలకొలది వోల్టులు నిలిచియుండును, ప్రాణములు తీయును. మేమిప్పటికిని ఒక చేయి జేబులో పెట్టుకొనియే లోపల తాకుదుము.

ఈ పెట్టెలు తుపానునాడు అక్కరకు వచ్చునని మేము చెప్పము. 2004 డిసెంబరున సునామీ వచ్చినప్పుడు అండమానులో నుండిన భారతీప్రసాదుగారి బృందమువారు హామ్ రేడియో ద్వారా వార్తలు పంపి పేరుపొందిరి. అట్టి సమయములకు బ్యాటరీతో నడచు నేటి చిన్న యంత్రములే తగినవి. ఏఆర్ 88 వేడెక్కి నిలకడ చెందుటకే అరగంట పట్టును. ఆ అరగంట మాకు భారము కాదు. 7 మెగాహెర్ట్‌జుల చోట మెల్లగా మీట త్రిప్పుచుండగా, ఎక్కడివాడో ఒకడు వాతావరణముగూర్చి మాటలాడుచు వినవచ్చును. అనుమతి పరీక్షకు పన్నెండేండ్లు నిండినవారు కూర్చుండవచ్చును.

పరీక్ష దీపమునకు ఎల్‌ఈడీ దీపము పనికిరాదు; వేడి తీగ గల పాతరకమే కావలెను. అవియు అంగళ్లలో తగ్గిపోవుచున్నవి. ఉదయగిరి బజారులో ఒక దుకాణమున దుమ్ము పట్టిన నూరు వాట్లవి మూడు కనబడగా మూడును కొని తెచ్చి పాతగుడ్డలో చుట్టి దాచితిమి.