మన వంటింటి లెక్క వాళ్ళకెందుకు?

ఎన్నికలు దగ్గరపడుతున్నాయంటే మన వీధిలోకి ఒక కొత్త రకం మనుషులు వస్తుంటారు, గమనించారా? జెండా ఉండదు, కండువా ఉండదు. చేతిలో పలక లాంటి ట్యాబు, మెడలో ఓ కార్డు. "అమ్మా, రెండే నిమిషాలు" అంటారు. గ్యాసు బండ ఎన్నాళ్ళొస్తుంది, పిల్లల ఫీజులు ఎలా కడుతున్నారు, మీ ఎమ్మెల్యే ఎప్పుడైనా ఇటు వచ్చాడా అని అడిగి, టకటకా నొక్కుకుని వెళ్ళిపోతారు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని మనం లోపలికి పరుగెత్తి ఆ సంగతే మర్చిపోతాం. వాళ్ళు మాత్రం మర్చిపోరు.

వాళ్ళను పంపేవారిని రాజకీయ వ్యూహకర్తలంటారు. వాళ్ళ సంగతులు నాకు మా అక్క కూతురి వల్ల తెలిశాయి. డిగ్రీ కాగానే అలాంటి ఒక సంస్థలో చేరతానంది. ఇంకేం, ఇంట్లో పెద్ద రగడ. "బ్యాంకు పరీక్షలు రాసుకోక ఆడపిల్లకి రాజకీయాలేమిటే? రేపు సంబంధాలవాళ్ళు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పి చావను?" అని మా అక్క ఒకటే ఏడుపు. నిజమే, ఏమని చెప్పాలి? లెక్చరరు కాదు, లాయరు కాదు, లీడరు అసలే కాదు.

దాన్నే అడిగాను. "పిన్నీ, పెళ్ళిళ్ళ పేరయ్య ఉంటాడు కదా, అలాంటిదే అనుకో" అంది. నాకు నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే నిజమే. పేరయ్య రెండిళ్ళ గుట్టూ తెలుసుకుంటాడు. అమ్మాయివాళ్ళకి ఏం కావాలో అబ్బాయివాళ్ళ చెవిన వేస్తాడు. అబ్బాయికి కాస్త తల దువ్వి, మంచి చొక్కా తొడిగి, ఎలా మాట్లాడాలో నేర్పి కూర్చోబెడతాడు. తాంబూలాలు పుచ్చుకోగానే తన ముట్టింపు తీసుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత కాపురం ఎలా ఉందో చూసుకోవాల్సింది మనమే! వ్యూహకర్తకు అభ్యర్థి పెళ్ళికొడుకు, మనం పెళ్ళికూతురివాళ్ళం. ఓట్ల లెక్కింపు అయిన రోజున అతని పని అయిపోతుంది.

వీళ్ళలో అందరికన్నా పేరు మోసినవాడు ప్రశాంత్ కిశోర్. ఐక్యరాజ్యసమితి ఆరోగ్య కార్యక్రమాల్లో ఉద్యోగం చేసి వచ్చాడు. 2014లో నరేంద్ర మోదీకీ, 2015లో బీహారులో నితీశ్ కుమార్‌కీ పనిచేశాడు. మన ఆంధ్రకి 2017లో వచ్చాడు. ఆ జులైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీలో జగన్ అతన్ని కార్యకర్తలకు పరిచయం చేశారు. నవరత్నాలు ప్రకటించిందీ ఆ ప్లీనరీలోనే. అందులో ఒక రత్నం అమ్మ ఒడి. డబ్బు తండ్రి ఖాతాలో కాదు, తల్లి ఖాతాలో. 2019లో ఆ పార్టీకి 175లో 151 సీట్లు వచ్చాయి. 2021లో బెంగాల్‌లో మమతా బెనర్జీ ఆడవాళ్ళకి నెలనెలా డబ్బు ఇస్తామన్నప్పుడు ఆమె వ్యూహకర్త కూడా ఇతనే. తెలంగాణలో 2023 ఎన్నికలప్పుడు కాంగ్రెస్ వెనక ఉన్న సునీల్ కనుగోలు సభల్లో కనిపించడు, మైకు ముట్టుకోడు. ఆ పార్టీ ఆరు గ్యారంటీల్లో మొదటిది మహాలక్ష్మి. ఆడవాళ్ళకి ఉచిత బస్సు అక్కడ 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న వచ్చింది.

ఇవన్నీ వరుసగా పెట్టి చూడండి. గ్యాసు, ఫీజు, బస్సు, నెల డబ్బు. అన్నీ మన పోపుల డబ్బా లెక్కలే. ఎందుకంటారా? 2024లో ఆంధ్రలో ఆడ ఓటర్లు సుమారు 2 కోట్ల 10 లక్షలు, మగవాళ్ళు 2 కోట్ల 3 లక్షలు. పెళ్ళికూతురి తరఫు పెద్దరికం మన చేతికొచ్చిందన్నమాట.

అలాగని వాళ్ళది మంత్రదండం కాదు. 2019లో 151 తెచ్చిన సంస్థే 2024లోనూ ఆ పార్టీకి పనిచేసింది. ఈసారి వచ్చినవి 11. ప్రశాంత్ కిశోర్ తనే పార్టీ పెట్టి 2025లో బీహారు ఎన్నికల్లో దిగితే ఒక్క సీటూ రాలేదు. ఎన్ని సంబంధాలు కుదిర్చినా, తను పీటల మీద కూర్చునేసరికి పేరయ్యకి పిల్ల దొరకలేదు! ఉడికిన అన్నాన్ని వడ్డించడం వాళ్ళకొచ్చు. పొయ్యి కింద నిప్పు మాత్రం జనానిదే.

టీవీల్లో కూర్చునే విశ్లేషకుల సంగతీ అంతే. పొద్దున కాఫీ తాగేవేళకే మొదలుపెడతారు. కొందరు నిజంగా చదివి, తిరిగి, తెలుసుకుని మాట్లాడతారు. కొందరు ఏదో ఒక పార్టీ మనుషులే అయినా, పేరు కింద 'విశ్లేషకులు' అని వేయించుకుంటారు. లగడపాటి రాజగోపాల్‌ని సర్వేల్లో ఆంధ్రా ఆక్టోపస్ అనేవారు. 2018లో తెలంగాణలో కూటమిదే పైచేయి అన్నారు, టీఆర్ఎస్‌కి 119లో 88 వచ్చాయి. 2024 లోక్‌సభ ఎన్నికలకి చాలా సర్వేలు ఎన్డీయేకి 350 పైనే అన్నాయి, వచ్చినవి 293. కాబట్టి టీవీ ముందు కూర్చున్నప్పుడు ఓ చిన్న పరీక్ష పెట్టండి. ఈయన పోయినసారి ఏం చెప్పాడు? తప్పినప్పుడు తప్పిందని ఒప్పుకున్నాడా? తనకి నచ్చిన పార్టీలో ఒక్క లోపమైనా ఎత్తి చూపుతాడా? ఈ మూడింటికీ సమాధానం లేకపోతే ఆ అరగంట పచ్చడి రుబ్బుకోవడం మేలు.

ఇక మా పిల్ల విషయం. అక్కను ఎలాగో ఒప్పించి ఉద్యోగంలో చేరింది. ఏ పార్టీకో చెప్పను, ఆ గొడవ మనకొద్దు. పగలు ఊళ్ళు తిరగడం, రాత్రి లెక్కలు కట్టడం, సభకి ముందు అభ్యర్థి ఏం మాట్లాడాలో ఒక్క కాగితం మీద రాసివ్వడం. "ఇంటికెళ్తే ఆడవాళ్ళు మా ఆయన్ని అడగండి అంటారు పిన్నీ. అందుకే మళ్ళీ కుళాయి దగ్గర అడుగుతాను. అక్కడ వేరే సమాధానం చెబుతారు" అంది. విన్నారా? మన అసలు మాట కుళాయి దగ్గర ఉందని వాళ్ళు కనిపెట్టేశారు.

ఎన్నికలయ్యాయి, దాని కాంట్రాక్టూ అయిపోయింది. ఆర్నెల్ల తర్వాత వేరే పని మీద అదే దారిన వెళ్తుంటే ఒక ముసలావిడ గుర్తుపట్టి ఆపిందట. "అమ్మాయ్, నీళ్ళ గురించి రాసుకెళ్ళావుగా, ఎప్పుడొస్తాయి?" అని అడిగిందట. ఆ రోజు రాత్రి అది అన్నం తినలేదు. "ఆవిడ నాకు చెబితే పని అవుతుందనుకుంది పిన్నీ. నేను రాసుకున్నది నీళ్ళ కోసం కాదు, ఓటు కోసం" అంది. దానికి ఏమని ఓదార్పు చెప్పను? ఆ ఉద్యోగం చెడ్డది కాదు. కానీ అడిగేవాళ్ళు వేరు, తీర్చేవాళ్ళు వేరు. ఆ సంగతి ముసలావిడకి ఎవరూ చెప్పలేదు.

మరి మన మాట మనమే చెప్పుకుంటే? ఏ వ్యూహకర్తా లేని రోజుల్లో, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అదే చేశారు. చదువు నేర్చుకోవడానికి రాత్రి బడికి వెళ్ళినవాళ్ళు, మొగుళ్ళ కూలి డబ్బులు సారా కొట్టుకి పోతున్నాయని లెక్క తేల్చుకుని సారాని తరిమేశారు. దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలిసిందలా. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీ రామారావు పూర్తి మద్యనిషేధం పెట్టారు. అది 1997లో సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. కానీ ఓటు అడిగేవాళ్ళు తమ గుమ్మం దాకా వచ్చేట్టు చేసినవాళ్ళు ఆ కూలి ఆడవాళ్ళే. వాళ్ళని ఎవరూ సర్వే చేయలేదు, వాళ్ళే మాట్లాడారు.

ఇప్పుడు మన పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళవే. అయినా ఎన్నిచోట్ల కుర్చీ ఆవిడది, మైకు ఆయనది! అందుకే మా పిల్లని అడిగి, సభలో మాట్లాడే పద్ధతి నాలుగు ముక్కల్లో చెప్పించుకున్నాను. మీరూ రాసుకోండి. ఒకటి, జనం ఇంటికి మోసుకెళ్ళేది ఒక్క మాటే, అదేమిటో ముందే తేల్చుకోవాలి. రెండు, 'ధరలు పెరిగాయి' అనకండి, పోయిన ఏడు నూనె ఎంత, ఈ ఏడు ఎంత అని మీ ఇంటి లెక్క చెప్పండి. మూడు, గొంతు వణికితే వణకనివ్వండి, ముందు వరుసలో తెలిసిన ఒక ముఖాన్ని చూసి మాట్లాడండి. నాలుగు, అయిదు నిమిషాల్లో ఆపేయండి. ఇంకా వింటే బాగుండుననిపించాలి.

మొదట డ్వాక్రా మీటింగులో మొదలుపెట్టండి, తర్వాత గ్రామసభ. ట్యాబు పట్టుకుని వచ్చే పిల్లల్ని మాత్రం కసరకండి. వాళ్ళూ ఎవరో ఒక తల్లి బిడ్డలే, ఎండనపడి వస్తారు. మంచినీళ్ళివ్వండి, మీ ఆయన్ని పిలవకుండా మీరే జవాబు చెప్పండి. చెప్పాక వాళ్ళనీ ఒక్క ప్రశ్న అడగండి: "బాబూ, ఇది ఎవరికి చేరుతుంది? నీళ్ళు రాకపోతే మేం ఎవర్ని పట్టుకోవాలి?"

ఆ ప్రశ్న కూడా ట్యాబులో నొక్కుకోమనండి.