ఆ పేరుకు పలికేదెవరు?

బదిలీ వర్కర్ అంటే ఎవరో గోదావరిఖనిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పర్మినెంట్ కార్మికుడు నాగా పెట్టిన రోజు ఆ జాగాలో బొగ్గు బాయి దిగేది అతనే. పని పేరు మారదు, చేసే మనిషి మారతాడు. అందుకే షిఫ్ట్ మొదట్లోనే ఇవాళ ఎవరొచ్చారో గని సర్దార్ చూసుకుంటాడు.

సింగరేణి బిడ్డలు ఎందరో ఇప్పుడు కంప్యూటర్లు చదువుతున్నారు. బొగ్గు గనుల నడుమ సెంటినరీ కాలనీలోనే జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. లినక్స్ టెర్మినల్ ముందు కూర్చునే ఆ పిల్లలకు నేను మొదట నేర్పాలనుకునేది 'టైప్' అనే కమాండ్. దాని పక్కన ఏ పేరు రాసినా, సర్దార్ చూసుకున్నట్టే, ఆ పేరుకు పలికేదెవరో షెల్ చెబుతుంది.

మనం ఒక పేరు కొట్టగానే బాష్ అనే షెల్ నేరుగా డిస్కు మీది ప్రోగ్రామ్ దగ్గరికి పోదు. ముందు ఏలియస్, అంటే మరో కమాండుకు పెట్టిన మారుపేరు, ఉందేమో చూస్తుంది. తర్వాత తన కీవర్డా, మనం రాసుకున్న ఫంక్షనా, తనలోనే ఉన్న బిల్టినా అని చూస్తుంది. ఇవేవీ కాకపోతేనే పాత్‌లోని ఫోల్డర్లు వెతుకుతుంది. 'సీడీ' బిల్టిన్‌గా ఉండక తప్పదు. అది వేరే ప్రోగ్రామ్ అయితే తన డైరెక్టరీ మార్చుకుని ముగిసిపోతుంది, మన షెల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 'ఎకో' బిల్టిన్‌గానూ ఉంది, విడి ప్రోగ్రామ్‌గానూ ఉంది. మాన్యువల్ పేజీలో చదివేది సాధారణంగా ఆ విడి ప్రోగ్రామ్ సంగతి, నడిచేది బిల్టిన్. రెండింటికీ చిన్న చిన్న తేడాలున్నాయి. బిల్టిన్ గురించి తెలియాలంటే 'హెల్ప్' అని అడగాలి.

చాలామంది 'విచ్' వాడతారు. బాష్‌లో అది బయటి ప్రోగ్రామ్, మామూలుగా పాత్‌లోని ఫైళ్లనే చూస్తుంది. షెల్ లోపలి ఏలియస్‌లు, ఫంక్షన్లు దానికి తెలియవు. ఈ పనికి దాన్ని నమ్మవద్దనే నా మాట.

అసలు ప్రమాదం ఫైళ్లు చెరిపే 'ఆర్ఎం' దగ్గర ఉంది. రెడ్ హ్యాట్ లినక్స్‌లో రూట్ యూజర్‌కు ఆ పేరు మీద ముందే ఒక ఏలియస్ ఉంటుంది, ప్రతి ఫైలూ చెరిపే ముందు అడిగేలా. దానికి అలవాటు పడ్డ చేయి, ఆ ఏలియస్ లేని మరో సర్వర్‌లో అదే రెండక్షరాలు కొడుతుంది. అక్కడ అడిగేవాళ్లుండరు, ఫైళ్లు పోతాయి. పేరు ఒకటే కదా అన్న ధీమాతోనే ఇంత నష్టం. ఏలియస్ కాపలా స్క్రిప్టులోకీ రాదు, ఎందుకంటే స్క్రిప్టు నడిపేటప్పుడు బాష్ మామూలుగా ఏలియస్‌లను పట్టించుకోదు.

కొత్త సర్వర్‌లోకి వెళ్లగానే 'టైప్ ఆర్ఎం' అని కొట్టి చూడండి. ఏలియస్ అని వస్తే, అది దేనికి బదులుందో అదే వరుసలో కనిపిస్తుంది. నేరుగా ఫైలు దారి వస్తే, ఎంటర్ నొక్కే ముందు రాసిన ఫైళ్ల పేర్లు మళ్లీ ఒకసారి చదువుకోండి.