మావయ్యగారి మూత మగ్గు

గాల్వెస్టన్‌లో క్రూజ్ ఎక్కేముందు సామాన్లలో మావయ్యగారి స్టీలు మూత మగ్గు సర్దాను. "ఓడలో కప్పులుండవా?" అని మావారి వెటకారం. ఉంటాయి, మూతల్లేనివి. మావయ్యగారికి చెయ్యి వణుకు. నలుగురిలో ఒలికిపోతుందని ఇంట్లో తప్ప ఎక్కడా టీ ముట్టరు. ఇక ఓడ ఊగితే చెప్పాలా!

కెటిల్ తేనివ్వరు, నిప్పు భయం. మగ్గు తెచ్చుకోవచ్చు గానీ మిషను కింద నేరుగా పెట్టకూడదట. మన ఎంగిలి పట్టింపే వాళ్లదీనూ! వాళ్ల కప్పులో పట్టి మగ్గులోకి వంపుకోవాలి. శొంఠి, యాలకుల పొడి నా బ్యాగులో ఉండనే ఉంది.

కోజుమెల్ చేరే రోజు పొద్దున్నే చూస్తే మావయ్యగారు గదిలో లేరు. పైన డెక్ మీద ఎవరో తెల్లాయనతో కబుర్లు, చేతిలో మగ్గు. నన్ను చూసి, "ఇంకొంచెం పట్టుకురామ్మా" అన్నారు.