పాత గేర్‌బాక్సుకు వెల కట్టడం

ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇక ఆ బండి బతకాలంటే చాలావరకు మరో బండి నుంచి విప్పిన సామానే దిక్కు. అలాంటి సామాను ఎంచాలంటే ఇనుము తెలిసిన కన్ను కావాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెట్టిన ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మన తెలుగువాళ్లు తరతరాలు ఇనుముతోనే బతికారు. పాత గేర్‌బాక్సు కొనేవాడికి ఆ పనివాళ్ల చూపే కావాలనిపిస్తుంది నాకు. పైన కొట్టిన రంగు కాదు, లోపలి అరుగుదల చూడాలి.

ముందు ఆయిల్ ప్లగ్గు విప్పించాలి. వేలికంటిన నూనెలో సన్నటి ఇత్తడి మెరుపు కనబడితే గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరుగుతున్నట్టు. అది ధర తగ్గించుకోవలసిన విషయమే గాని, వదిలేయవలసింది కాదు. ఉక్కు పెచ్చు తగిలితే మాత్రం ఏదో గేరు పన్ను విరిగి ఉంటుంది. షాఫ్టును చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూడాలి. మరీ లొడలొడలాడితే బేరింగులు పోయినట్టే. కేసింగు పగిలితే బేరమే వద్దు.

పాత మోడళ్లలో మొదటి గేరుకు సింక్రో ఉండదు. బండి కదులుతుండగా ఆ గేరు గరగరమన్నదని బాక్సునే పనికిరానిదనడం అన్యాయం. స్టీరింగు పక్కన మీట ఉండే రకమైతే దాని కడ్డీలూ లివర్లూ కలిసి వస్తేనే పూర్తి ధర. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజను అంబాసిడర్‌లోని ఐదు గేర్ల బాక్సు పాత ఇంజనుకు నేరుగా అతకదు.

మూత విప్పి చూడనివ్వని చోట తుక్కు ధరకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.