హైదరాబాద్ స్క్వాడ్రన్ వెంట

లండన్‌లో నార్తర్న్ లైన్ ఎక్కి కాలిండేల్‌లో దిగితే రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి నడిచే వెళ్లొచ్చు. షేక్‌పేట నుంచి ఇంత దూరం వచ్చి పెద్దమ్మ యుద్ధ విమానాలు చూస్తానంటుందేమిటని మా చెల్లెలి కొడుక్కి ఆశ్చర్యం. నాకు కావాల్సింది ఒక్క విమానమే, ఎఫ్ 1010.

డీహెచ్-9ఏ రకం. కొయ్య చట్రం మీద బిగించి కుట్టిన గుడ్డ. ముందు 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజిన్, వెనక తుపాకీ పట్టే మనిషికి ఒళ్లు ముడుచుకు కూర్చునేంత చోటు. దీంట్లోనా జర్మనీ దాకా వెళ్లింది!

“పెద్దమ్మా, ఇదిగో, హైదరాబాద్ అని రాసుంది!”

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1918లో, బ్రిటన్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు ఈ విమానాలు సమకూరాయి. అప్పటి నుంచి అది హైదరాబాద్ స్క్వాడ్రన్. ఆ ఏడాది అక్టోబరు 5న దాడికి వెళ్లిన ఎఫ్ 1010 శత్రువుల గడ్డ మీదే దిగాల్సివచ్చింది, అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానం బెర్లిన్‌లో, తర్వాత పోలండ్‌లో ఉండి, 1977లో లండన్ చేరింది. నిజాం ఖజానా అంటే మన పల్లెల్లో రైతులు కట్టిన శిస్తే కదా. కానుకలో వాళ్ల చెమటా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పేరు సముద్రం మీదికి వెళ్లింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, కెన్నెత్ డోరన్ నాయకత్వంలో ఈ స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ బాంబర్లు ఐదు ఇంగ్లండ్‌లోని వాటిషామ్ నుంచి లేచాయి. విల్‌హెల్మ్స్‌హేవెన్ దగ్గర మబ్బుల కిందికి దిగి జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షీర్‌ను కొట్టాయి. తగిలిన బాంబులు పేలలేదు. ఈ స్క్వాడ్రన్‌లో ఒకటి, అదే రోజు వెళ్లిన 107వ స్క్వాడ్రన్‌లో నాలుగు తిరిగి రాలేదు. 1940లో బ్రిటన్ మీద దండయాత్రకు హిట్లర్ రేవుల్లో పోగేసిన పడవల మీద బ్లెన్‌హీమ్‌లు రాత్రిళ్లు దాడులు చేశాయి. 1941లో అలలను రాసుకుంటూ ఓడల మీదికి వెళ్లాయి. అలా వెళ్లి నీళ్లలో కూలితే శవం కూడా దొరకదు.

అలాంటివాళ్ల పేర్లున్నది రన్నీమీడ్‌లో. వాటర్లూ నుంచి ఈగమ్‌కు రైలు, అక్కణ్నుంచి ఎగువకు నడక. కొండ మీది స్మారకంలో, సమాధి లేని 20 వేల మందికి పైగా వైమానికుల పేర్లు కిటికీల పక్కన సగం తెరిచిన రాతి పుస్తకాల్లా చెక్కారు. బ్రిటిష్ గూఢచారి నూర్ ఇనాయత్ ఖాన్ పేరూ ఉంది. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ ఆరో నిజాం కొలువులో పాడినవాడు.

సంవత్సరం, హోదా, పేరు. స్క్వాడ్రన్ రాయలేదు. 1939 పలక ముందు ఎంతసేపు నిలబడినా హైదరాబాద్ పేరు మీద పోయిన కుర్రాళ్లెవరో తెలియదు. రికార్డుల్లోంచి ఆ పేర్లు తీసి మన నగరంలోనూ ఒక గోడ మీద చెక్కించాలి. ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా ఈ కథను పట్టుకున్నా బాగుండు.