మరచెంబు మూత, మా హెరాల్డ్ బోల్టు

మా ఇంట్లో పోపులపెట్టెలు రెండున్నాయి. ఒకదాంట్లో ఆవాలు, జీలకర్ర, మెంతులు. రెండోదాంట్లో బోల్టులు. ఆ రెండోది మా అత్తగారు నాకిచ్చిన ఇత్తడి పెట్టె. అది వంటింట్లోంచి కారు షెడ్డులోకి ఎలా వెళ్లిందో చెప్పాలంటే ముందు కారు సంగతి చెప్పాలి.

మామయ్యగారికి 1965 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చిన కారునే ఆ తర్వాత మద్రాసులో తయారు చేసి ఈ పేరుతో అమ్మారు. మా ఆయన బడికి వెళ్లింది అందులోనే, మా ఆడపడుచు పెళ్లికూతురై మండపం ముందు దిగింది అందులోనే. పదిహేనేళ్లుగా షెడ్డులో పరదా కింద పడి ఉంది. మామయ్యగారికి ఇప్పుడు ఎనభై నాలుగు. కిందటి ఉగాదినాడు "ఒక్కసారి అందులో కూర్చుని ట్యాంక్‌బండ్ మీద తిరిగొస్తే చాలురా" అన్నారు. అంతే, మా ఆయన మర్నాడే పరదా తీసేశారు.

నేను ఒకటే షరతు పెట్టాను. అమ్మాయి కాలేజీ ఫీజు ఉంది కాబట్టి నెలకు మూడు వేలు దాటకూడదు, ప్రతి రూపాయికీ లెక్క రాయాలి. "అలాగేనోయ్" అన్నారు.

అన్ని కార్లలాగే దీనికీ నాలుగు బోల్టులే ఉంటాయనుకున్నాను. విప్పుతూ ఉంటే రెండు డాల్డా డబ్బాలు నిండిపోయాయి. మా ఆయన చెబితే తెలిసింది కారణం. ఆ రోజుల్లోనే చాలా కార్ల బాడీ మొత్తం ఒకే ముక్కగా వెల్డింగ్ చేసేవారట. స్టాండర్డ్ ట్రయంఫ్ వాళ్లకు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీదారు అయిన బీఎంసీ కొనేసింది. మొత్తం బాడీ చేసిచ్చే వాళ్లు దొరక్క, హెరాల్డ్‌ను ముక్కలుగా చేయించి, కింద విడిగా ఉన్న ఛాసిస్‌కు బోల్టులతో బిగించారు. ఎక్కడో కోవెంట్రీలో వచ్చిన ఇబ్బందికి ఇక్కడ సికింద్రాబాదులో నా డాల్డా డబ్బాలు పోయాయన్నమాట.

తుప్పు పట్టిన వాటి బదులు కొత్తవి కావాలి. వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో చూడ్డానికి అచ్చం అలాంటివే తెచ్చారు. ఒక్కోటీ రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. "లావు సరిపోయింది, ఎందుకు పట్టడం లేదు?" అని నేను విసుక్కుంటే మామయ్యగారు లోపలికి వెళ్లి రెండు మరచెంబులు పట్టుకొచ్చారు. ఒకటి మా అత్తగారిది, ఒకటి ఆవిడ అత్తగారిది. రెండూ ఒకే సైజు. "దీని మూత దానికి పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. "ఇంకా తిప్పకు, మర పోతుంది" అన్నారు. తెలుగులో బీఏ చదివి, మరమేకు, మరచెంబు అని ఎన్నిసార్లు రాశానో. ఆ మాటలో ఉన్న మర అంటే ఏమిటో చేతికి తెలిసింది ఆరోజే.

సంగతేమిటంటే, ఇప్పుడు షాపుల్లో దొరికేవి ఎక్కువగా మిల్లీమీటర్ల బోల్టులు. మా కారువి అంగుళాల బోల్టులు. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకూ 5/16 అంగుళం బోల్టుకూ లావులో తేడా కంటికి కనబడదు. మరల దగ్గర మాత్రం కలవదు. పోనీ అంగుళాల్లోనైనా అన్నీ ఒకటేనా అంటే కాదు. విట్‌వర్త్ అనే ఆయన 1841లో ఇంగ్లండుకు ఒక కొలత పెట్టాడు, దాని మర కోణం 55 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బోల్టు ఇంగ్లండు నట్టుకు పట్టక నానా అవస్థ పడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీలతో కొత్త కొలత ఒప్పుకున్నాయి. అందులో సన్న మర రకం పేరు యూఎన్ఎఫ్. అంతకు ముందు పుట్టిన బ్రిటిష్ కార్లలో విట్‌వర్త్ కుటుంబం, తర్వాత పుట్టిన మా హెరాల్డ్‌లో ఎక్కువ భాగం యూఎన్ఎఫ్. మా 5/16 బోల్టుకు అంగుళానికి 24 మరలుండాలి. అదే లావున్న పాత బ్రిటిష్ సన్న మర బోల్టుకు 22 ఉంటాయి. ఆ రెండు మరల తేడాకే మూత బిగుసుకుపోతుంది.

ఆ తర్వాత మా ఆయన రాణీగంజ్ వెళ్లారు. అక్కడ "రెండున్నర సూత్" అని అడిగితే 5/16 ఇస్తారు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. సంచీ నిండా కిలోల లెక్కన తెచ్చి, చవగ్గా దొరికాయని మురిసిపోతూ నా చేతికి లెక్క ఇచ్చారు. నేనూ మురిసిపోయాను. ఆ నెల పదకొండు వందలు మిగిలాయి.

పది రోజుల తర్వాత షెడ్డులోంచి "అబ్బా!" అని కేక. పరిగెత్తుకెళ్లాను. ముందు చక్రాన్ని పట్టి ఉంచే విష్‌బోన్ దగ్గర బోల్టు బిగిస్తుంటే తల తెగిపోయి, పానా జారి, వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. పసుపు అద్దుతూ ఆ తెగిన తల చూశాను. నున్నగా ఉంది, ఏ గుర్తూ లేదు. డాల్డా డబ్బాలోని పాత బోల్టు తల మీద మాత్రం మూడు చిన్న గీతలున్నాయి.

"ఈ గీతలేమిటండీ?" అన్నాను.

"గట్టి ఉక్కు అని గుర్తు. మూడు గీతలుంటే గ్రేడ్ ఐదు, ఆరుంటే ఎనిమిది."

"మరి తెలిసి తెలిసి ఇది ఎందుకు పెట్టారు?"

కాసేపు మాట్లాడలేదు. "నువ్వు లెక్క అడుగుతావు కదా" అన్నారు మెల్లగా.

ఆ మాట నాకు ఆయన వేళ్లకు తగిలిన దెబ్బకంటే గట్టిగా తగిలింది. షెడ్డులో తెగింది కాబట్టి సరిపోయింది. ట్యాంక్‌బండ్ మీద, పక్కన ఎనభై నాలుగేళ్ల మనిషి కూర్చుని ఉండగా తెగితే? నేను అడిగింది లెక్క. ఆయన విన్నది, ఎక్కడైనా సరే తగ్గించమని. తప్పు ఇద్దరిదీ.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని పాత బోల్టులన్నీ పేపరు మీద పోసుకుని మూడు వాటాలు వేశాం. చక్రాలు, స్టీరింగు, బ్రేకులు, సీటు బెల్టులు, ఇంజను మౌంటింగులు: వీటికి గుర్తు ఉన్న గట్టి బోల్టు తప్ప ఇంకోటి వద్దు. బాడీ ముక్కలకూ రేకులకూ మామూలువి చాలు, కాకపోతే మర సరైనదై ఉండాలి. మూడోది, పాతవే శుభ్రం చేసి మళ్లీ వాడుకునేవి. చింతపండు నీళ్లలో రాత్రంతా నానబెడితే ఇత్తడి బిందెలాగే మామూలు బోల్టుల తుప్పు కూడా వదిలింది. కడిగి, ఆరబెట్టి, నూనె రాశాను. గట్టి ఉక్కువి మాత్రం పులుపులో నానబెట్టకూడదట, పెళుసెక్కుతాయట. వాటిని కిరోసిన్‌తో, వైరు బ్రష్‌తో రుద్దాం. సైజులవారీగా వేరుచేయడానికి డబ్బాలు చాలకపోతే నేనే వెళ్లి ఇత్తడి పోపులపెట్టె తెచ్చాను. ఏడు గిన్నెలు, ఏడు సైజులు.

గట్టి బోల్టులు ఇంగ్లండు నుంచి తెప్పిద్దామా అని చూస్తే, బోల్టుల ధరకంటే కొరియరూ కస్టమ్స్ సుంకమూ ఎక్కువ. ఇంతలో తెనాలి దగ్గర వ్యవసాయం చేసే మా తమ్ముడు ఫోన్ చేశాడు. మాటల్లో ఈ గోల చెప్పాను.

"యూఎన్ఎఫ్ ఏనా అక్కా? మన మాసీ ట్రాక్టరుకు ఉండేవి అవే. ట్రాక్టర్ స్పేర్ల షాపులో కావలసినన్ని. పాత జీపుకు, అంబాసిడర్‌కు కూడా అవే. బావను పొడుగు కొలిచి ఫొటో పెట్టమను. తల మీద గీతలు చూసే తీసుకుంటాలే."

వారంలో బస్సు పార్సిల్ వచ్చింది. నలభై ఎనిమిది బోల్టులు, నట్లు, వాషర్లు, అన్నీ కలిపి తొమ్మిది వందల చిల్లర. అడుగున ఒక సీసాలో గోంగూర పచ్చడి. మా ఆయన ప్రతి బోల్టునూ ముందు చేత్తో తిప్పి చూశారు. చివరిదాకా మెత్తగా వెళ్తేనే పానా పట్టారు.

పోయిన ఆదివారం పొద్దున్నే ఆరింటికి ట్యాంక్‌బండ్ మీదికి వెళ్లాం. మామయ్యగారు ముందు సీట్లో, నేనూ అమ్మాయీ వెనక. ఆయన దారంతా ఏమీ మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం చెయ్యి చాపి డాష్‌బోర్డును రెండుసార్లు తట్టి, "ఎడమ తలుపు దగ్గర ఏదో వదులుగా ఉందిరా, చప్పుడొస్తోంది" అన్నారు.

ఆ బోల్టు ఏ గిన్నెలో ఉందో నాకు తెలుసు. పోపులపెట్టె ఇక వంటింటికి రాదని అర్థమైపోయి సాయంత్రం వెళ్లి కొత్తది స్టీలుది కొనుక్కున్నాను. ఆరు వందల యాభై. లెక్కల పుస్తకంలో కారు ఖర్చు కిందే రాశాను.