మక్తా వీథులలో చిత్రదర్శనము

ఎర్రుపాలెము ఖమ్మము జిల్లాకు దక్షిణపు కొసన నున్న యూరు. పొలిమేర దాటి కొలదిదూరము సాగినచో ఆంధ్రప్రదేశపు నేల తగులును. కాజీపేట నుండి విజయవాడకు బోవు రైలుమార్గము ఊరి ప్రక్కగా పోవును. శనివారము వచ్చినదా, తెలంగాణపు చిన్నతిరుపతి యని జనులు పిలుచుకొను జమలాపురము వేంకటేశ్వరస్వామి సన్నిధికి ఆటోలును ట్రాక్టర్లును బారులు తీరును. ఇట్టిచోట పుట్టి పెరిగినవాడు చిత్రశాల గడప త్రొక్కి యుండకపోవచ్చును గాని, చిత్రమే యెరుగడనుట న్యాయము కాదు. సంక్రాంతినాడు వాకిట తీర్చిన రథము ముగ్గును, సినిమాహాలు ఎదుట వెదురుబొంగులపై నిలిపిన కథానాయకుని కటౌటును చూచుటకు మే మెన్నడును రుసుము చెల్లింపలేదు. ఈశాన్యముగా భద్రాచల మన్యమునకు బోయినచో, డోలి కోయలు తమ గోత్రముల పుట్టుకను బొమ్మలుగా దిద్దిన 'పడిగె' యను గుడ్డపతాకను ఎత్తిపట్టి, డోలు మ్రోగించుచు, ఆ కథను జాతరలలో గానము చేయుదురు. ఆ విద్యకు గాను మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ లభించినది. జనులున్న చోటికి బొమ్మయే నడచి వచ్చుట మా సీమకు క్రొత్త కాదు.

కావుననే, హైదరాబాదులో మక్తా యను బస్తీ యొకటి కలదనియు, అందలి యిండ్ల గోడలనే చిత్రఫలకములుగా జేసి దేశదేశముల చిత్రకారులు బొమ్మలు వేసిరనియు, చూచుటకు టిక్కెట్టు గాని వేళ గాని లేదనియు మా యూరి కుఱ్ఱవాడొకడు ఫోనులో బొమ్మలు చూపి చెప్పినప్పుడు, నాకు దానిని స్వయముగా చూడవలెనను కోరిక బలముగా కలిగెను. మధిరలో బండి మారి, పైబండిలో కిటికీ ప్రక్క చోటు సంపాదించి బయలుదేరితిని.

ఖమ్మము, డోర్నకలు, మహబూబాబాదు, వరంగల్లు దాటి, ఆలేరు మీదుగా భువనగిరి సమీపించునప్పటికి ప్రయాణికులలో ననేకులు కునుకుచుండిరి. నేను మాత్రము రాయగిరి కొండలకై కనిపెట్టుకొని యుంటిని. హుస్సేన్ సాగరము నడుమ నిలిచియున్న బుద్ధ విగ్రహమునకు శిల యిచ్చిన కొండలివియే. గణపతి స్థపతి పర్యవేక్షణమున ఏకశిలగా చెక్కబడిన సుమారు 58 అడుగుల ఆ మూర్తిని పెక్కు చక్రముల బండిపై రాజధానికి తరలించి, 1990 మార్చిలో పడవపై సరస్సు నడుమకు గొనిపోవుచుండగా నది నీట మునిగెను. కొందఱు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా జలగర్భముననే శయనించి, 1992 డిసెంబరు 1వ తేదీన అది పీఠ మెక్కెను. ఇప్పుడు గట్టున బోవు బస్సులోనివాడు తల త్రిప్పినచో చాలు, ఆ మూర్తి కనబడును. ఒక కొండముక్క ఎల్లవారి సొత్తగుటకు ఎంతటి శ్రమ, ఎన్ని ప్రాణముల మూల్యము పట్టినదో రైలు కిటికీలోనుండి ఆ రాళ్ళను చూచినప్పుడు నాకు తెలిసినంతగా పుస్తకములలో చదివినప్పుడు తెలియలేదు.

సికింద్రాబాదున దిగి, ఎం.ఎం.టి.ఎస్. బండిలో నెక్లెస్ రోడ్డు స్టేషనునకు చేరి, అచ్చటనుండి కాలినడకన బయలుదేరితిని. ఒక వైపున రాజభవనమునకు బోవు దారి, మరియొక వైపున రైలు పట్టాలును వాని యావల సరస్సును గల ఈ మక్తా, పెద్ద మేడల నగరము నడుమ ఇరుకైన చిన్న బస్తీ. ఢిల్లీలో 2014లో నెలకొన్న స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారు లోధీ కాలనీ గోడలను చిత్రములతో నింపిన పిమ్మట, 2016లో ఈ బస్తీకి వచ్చి, ఇంటింటి వారిని ఒప్పించి పని కారంభించిరి. ఆ ఒప్పించుట యను మాట నా మనస్సున నిలిచినది. మెక్సికో దేశమున విప్లవానంతరము విద్యామంత్రియైన హోసే వాస్కొన్సెలోస్ ప్రభుత్వభవనముల గోడలను చిత్రకారుల కప్పగింపగా, డియెగో రివేరా మొదలగువారు చదువురాని కర్షకుడు సైతము తన దేశచరిత్రను కన్నులతో చదువుకొనునట్లు వానిని చిత్రించిరి. అది మహత్కార్యమే. అయినను అవి సర్కారు గోడలు. అనుమతి యిచ్చినది మంత్రి. మక్తాలో అనుమతి యీయవలసినది ఆ గోడ లోపల అన్నము వండుకొను గృహిణి.

బస్తీలో అడుగిడిన వెంటనే అంతయు నొక్కసారిగా కానరాదు. సందు మలుపు తిరిగినచో రెండంతస్తుల ఎత్తున నొక ముఖము, మరల సాదా గోడలు, కిరాణాకొట్టు, మరియొక మలుపున నీలి రంగు నిండిన గోడ, ఇట్లు వెదకికొనుచు పోవలెను. ఇచ్చట పనిచేసిన వారిలో స్వాతి, విజయ్ అను తెలుగు చిత్రకార దంపతులున్నారు. సామాన్యుల ముఖములను, అందును స్త్రీల ముఖములను, నిండు రంగులతో గీయుట వారి యభిమాన విషయము. రాజులకును మంత్రులకును మాత్రమే దక్కుచుండిన నిలువెత్తు రూపము కూలికి బోవు తల్లికి దక్కుట చూచి నాకు కలిగిన సంతోషమును దాచుకొన నవసరము లేదు.

ఒక గోడ కడ చాలసేపు నిలిచితిని. పైయంతస్తు నుండి నేలవఱకు వ్యాపించిన స్త్రీముఖ మది. నుదుటి చోట నిజమైన కిటికీ యొకటి కలదు. నేను చూచుచుండగనే దాని రెక్క తెఱచుకొని, గాజుల చేయి యొకటి దుప్పటి దులిపి మరల లోనికి పోయెను. చెవి ప్రక్కగా కరెంటు మీటరు పెట్టె. చెక్కిలి మీదుగా కేబులు తీగ. గడ్డము క్రింద బట్టల తాడుపై బడిపిల్లల తెల్లచొక్కాలు. క్రింది భాగమున కుళాయి నీరు చింది, రంగు పొక్కి పొరలు పొరలుగా లేచి, లోపలి పాత ఆకుపచ్చ సున్నము బయటపడినది. చిత్రశాలలోని పటమున కిట్టి దుర్గతి పట్టినచో కాపలావాడు పరుగెత్తుకొని వచ్చును. ఇచ్చట నది దుర్గతిగా నాకు తోచలేదు. ఆ గోడ వెనుక జీవించుచున్న కుటుంబమునకు అడ్డము రాకుండుటయే ఆ చిత్రము చేసిన ప్రథమ మర్యాద. కిటికీ నట్లే విడిచి, దాని చుట్టును నుదురు తీర్చిన చిత్రకారుని వివేకమును నేను మిక్కిలి గౌరవించుచున్నాను.

అరుగుపై కూరగాయలు తరుగుచున్న వృద్ధురాలొకతె నన్ను చూచి, "నిలబడ్డవేంది బిడ్డా, గిట్ల నీడకు కూసో" అని పీట చూపెను. బొమ్మ వేసిన దినములను గూర్చి అడిగితిని.

"పెద్ద నిచ్చెన లేసుకొని ఎక్కిన్రు. పగలంత ఎండల్నే ఉన్నరు. మేమే నీళ్ళిచ్చినం, చాయ్ ఇచ్చినం. మొదలు గీతలు గీస్తాంటే ఏందో అనుకున్నం. ముక్కు తేలినంక అప్పుడు తెలిసె."

"ఇప్పుడు రంగు పోవుచున్నది గదా అమ్మా?"

"వానకు పోదా మరి! మళ్ళొచ్చి వెయ్యమను. ఈసారి మా ఇంటెన్క గోడ గూడ ఉన్నది."

మొదటి గీతలు చూచి ఏమో యనుకొంటి మన్న మాటలో చాల విషయ మున్నది. పటము కట్టి తగిలించిన చిత్రము ముగిసిన పిమ్మటనే జనులకు కనబడును. గోడ చిత్రము పుట్టుక మొదలుకొని జనులయెదుట పెరుగును. తెల్లరంగు పూత పూయుట, గళ్ళు గాని గజిబిజి గుర్తులు గాని గీసి చిన్న నమూనాను పెద్ద గోడకు కొలతగా ఎత్తుట, పరంజాపై నిలిచి దగ్గరనుండి పూసి, దిగివచ్చి వీథి చివరనుండి పరికించి మరల ఎక్కుట, ఇదంతయు ఆ సందులోని పిల్లలు చూచిరి. సినిమా బ్యానర్ల చిత్రకారులును ఈ గళ్ళ లెక్కతోడనే పనిచేసిరి. ఫ్లెక్సీ వచ్చిన తరువాత వారి కుంచెలకు పని పోయినది. పురపాలక సంఘములు తమ గోడలకు చిత్రకారులను వెదకునప్పుడు, నలుబది అడుగుల ముఖమును కొలత తప్పక గీయగల ఆ హస్తములను ముందుగా పిలువవలెనని నా దృఢమైన కోరిక.

టిక్కెట్టు కొని చూడవలసిన ప్రదర్శనలును ఈ నగరమున కలవు. నాంపల్లి నుమాయిష్ 1938లో మొదలైనది. సాలార్‌జంగు మ్యూజియము 1951లో తెఱువబడినది. రెండింటిని గూర్చియు నాకు ప్రీతియే. అయినను టిక్కెట్టు కొని లోనికి బోవువాడు ఏడాదికొకసారి పోవును. ఈ బస్తీ బాలుడు బడికి పోవునప్పుడును వచ్చునప్పుడును అదే ముఖమును చూచును, వెలుగు మారినప్పుడు దాని రంగు మారుటను గమనించును, కోచింగు సెంటరు వారు దానిపై కాగితము అంటించినచో కోపగించుకొనును. అట్టి కోపమును నేను చూచితిని. పదేండ్ల పిల్లవాడొకడు నీళ్ళతో తడిపి తడిపి, గోరుతో ఆ కాగితమును గీకుచుండెను.

సాయంకాలము ఆటోలో ట్యాంకుబండునకు వచ్చితిని. కుతుబ్‌షాహీల కాలమున, పదునాఱవ శతాబ్దమున నిర్మితమైన ఈ గట్టుపై, ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున తెలుగు జాతి వైతాళికుల విగ్రహములు వరుసగా నిలుపబడినవి. నన్నయ, తిక్కన, పోతన, మొల్ల, వేమన, జాషువ, శ్రీశ్రీ, మఖ్దూం, కాటన్ దొర, అల్లూరి, ఇట్లు నడచుచు పోయినకొలది వాఙ్మయమును చరిత్రయు ఎదురుపడుచుండును. 2011 మార్చి 10న, తెలంగాణోద్యమపు మిలియన్ మార్చ్ నాడు, వీనిలో కొన్ని కూల్చివేయబడినవి; అనంతరము మరల ప్రతిష్ఠింపబడినవి. సరిహద్దున నున్న ఎర్రుపాలెము వాడనగుటచే ఆ దినమున రెండు వైపుల మాటలును నా చెవిని బడినవి. విగ్రహములు విరిగినందుకు నేను దుఃఖించితిని; ఈ వరుసలో మావారెందఱు, మీవారెందఱని యడిగిన ప్రశ్న అన్యాయమైనదని మాత్రము నాటికిని నేటికిని అనజాలను. వీథిలో నిలిపినది ఎల్లవారిది గనుక, అందు తమ ముఖము కానరానివారు తప్పక అడుగుదురు. మక్తాలో ఆ వృద్ధురాలు తన వెనుక గోడను చూపినదియు ఆ యధికారముతోడనే.

రామదాసు విగ్రహము కడ మా వైపు యాసలో మాటలు వినబడి ఆగితిని. భద్రాద్రి ప్రాంతమునుండి వచ్చిన కుటుంబ మది. ఆ యింటి పెద్దామె పీఠముపై పేరు కూడబలుకుకొని చదివి, నా వైపు తిరిగి, "మన నేలకొండపల్లి గోపన్నేనా అయ్యా?" అని యడిగెను. ఔనంటిని. బాకీ పడిన శిస్తు సొమ్మునకై గోలకొండ చెఱలో పండ్రెండేండ్లుండెనను కథను ఆమెయే మనుమరాలికి చెప్పి, చెప్పుట ముగించి, "మరి ఆయన్ని జైల్లో ఏయించిన తానీషా?" అనెను.

"ఆయనయు ఈ గట్టుమీదనే యున్నాడమ్మా."

"ఏడి, చూపియ్యి" అని ఆమె చెప్పులు సవరించుకొనగా, మే మందఱము ఆ వరుస వెంబడి తానీషాను వెదకికొనుచు నడచితిమి.